కదలని అంకె

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా, కరెంటు స్తంభానికీ కొబ్బరి బోండాల బండికీ మధ్య కట్టిన ఫ్లెక్సీలో అతను కనిపించాడు. పైన శ్రద్ధాంజలి అని, కింద బంధుమిత్రుల ఫొటోలు వరసగా, నడుమ అతని మొహం. కారు ఆపి దిగి చూశాను. పూలదండా దీపాలూ కంప్యూటరులో గీసి పెట్టారు గానీ మెడలోని నీలం తాడు అలాగే వదిలేశారు. అది మా కంపెనీ గుర్తింపు కార్డు తాడు. అంటే ఆ ఇంట్లో అతనికి అంతకన్నా మంచి ఫొటో లేదు. వెళ్ళగొట్టిన కంపెనీ తీసిన ఫొటోతోనే ఆ మనిషిని సాగనంపుతున్నారు.

బోండాలతను నన్ను చూసి, "ఎరుకేనా అమ్మా? మంచి మనిషి. మొన్న బేస్తారం పోయిండు" అన్నాడు.

"ఎరుకే" అన్నాను. ఇన్నేళ్ళుగా ఈ వైపున ఉంటున్నా నా నోట ఆ మాట రావడం అదే మొదలు.

పేరు ఫ్లెక్సీ మీద జానెడు అక్షరాల్లో ఉంది. ఇక్కడ రాయను. ఆ పేరు నేను ఇదివరకు ఒకసారి రాశాను, అక్షరం తప్పు లేకుండా, ఉద్యోగి నంబరుతో సహా. ఒకసారి రాసిందే ఎక్కువ.

మా పనేమిటో మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాదు. పెద్ద సంస్థల కంప్యూటర్లు బతికున్నాయా లేదా అని చూస్తూ కూర్చోవడం. గోడంత తెర ఉంటుంది. ఒక్కో మిషనుకూ ఒక్కో గడి. బాగుంటే పచ్చ, జ్వరం తగిలితే పసుపు, పడిపోతే ఎరుపు. ప్రతి మిషను లోపలా ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాం ఒకటి కూర్చుని, నా వేడి ఇంత, నా మీద బరువు ఇంత అని నిమిషానికోసారి కబురు పంపుతుంది. ఆ కబుర్లన్నీ కూర్చి తెర మీద చూపించేదే మా సాఫ్ట్‌వేరు. ఎక్కడో ఉన్న మిషన్ల సంగతి ఇక్కడ ఇబ్రహీంపట్నం పక్కన కూర్చుని చెప్పేస్తామని మాకు మహా గర్వం.

ఆ గర్వం కట్టుకున్న నేలలో కొంత అతనిది. భూమి పోయిన ఇంటికో ఉద్యోగం అన్నారు. ఉద్యోగమంటే కాంట్రాక్టు అనీ, ఏడాది ఏడాదికీ మళ్ళీ ఉంచుకుంటారో లేదో అని చూసుకోవాలనీ ఎవరూ చెప్పలేదు. అంతకుముందు సబ్‌స్టేషన్‌లో పనిచేశాడు కనక జనరేటరు దగ్గర పెట్టారు. అక్కడ గంటగంటకూ మీటరు చూసి, ఎవరూ చెప్పకుండానే పుస్తకంలో రాసుకునేవాడు. తనిఖీకి వచ్చిన క్లయింటు ఒకాయన ఆ పుస్తకం తిరగేసి, ఇలాంటి మనిషిని డీజిలు వాసనలో ఎందుకు కూర్చోబెట్టారన్నాడు. అలా యాభై దాటిన మనిషి మా తెర ముందుకు వచ్చాడు. గదిలో అందరూ బాబాయి అన్నట్టు కాకా అనేవాళ్ళు.

వచ్చిన రోజునే ఆఫీసు ఇచ్చిన చక్రాల కుర్చీ వద్దన్నాడు. "గీ కుర్సీ ఊకె జారుతది మేడం. కూసున్నకాడ కూసోనియ్యదు" అని ఎక్కడినుంచో ఇనుప స్టూలు తెచ్చుకున్నాడు. చెప్పులు గది బయట విడిచేవాడు. ఏసీ చలికి ఎండాకాలంలో కూడా ఊలు టోపీ. "గీ గది కిందనే మా బోరు ఉండె. గప్పుడు గీడ చెమటలు కారుతుండె, గిప్పుడు సలి పెడుతున్నది" అని తనే నవ్వేవాడు. మేం నవ్వాలో వద్దో తెలిసేది కాదు.

నాకు మొదట కోపం తెప్పించింది అతని 'నువ్వు'. మాది గుంటూరు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన కుటుంబం. మేడం అన్నాక 'మీరు' దానంతటదే వస్తుందనుకునేదాన్ని. అతనికి మేడమూ నువ్వూ ఒకే వాక్యంలో ఇబ్బంది లేకుండా ఇమిడేవి. ఒకరోజు అడిగేశాను.

"మీరు అనడం రాదా మీకు?"

"వస్తది మేడం. తహసీల్దారును అంటుంటి. గాయిన మా భూమి గుంజుకపోయిండు. అప్పటిసంది ఎవలనన్న మీరు అనాల్నంటె భయమైతది."

ఆ 'మీరు' సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను ఒక వాదన వదిలేయడం చిన్న విషయం కాదు. నేను గొడవ మనిషిని. బొంగులూరు దగ్గర ఇప్పుడు నేనుంటున్న వెంచరులో ఇళ్ళవాళ్ళ సంఘం మీటింగు పెడితే, నేను వస్తున్నానో లేదో కనుక్కుని తర్వాత టీ చెబుతారు. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో గెలిచిన కప్పులు ఇంకా మా అమ్మ బీరువాలో ఉన్నాయి. అలాంటి నాతో రోజూ వాదనకు దిగి, దిగినందుకు సంతోషించిన మనిషి నా జీవితంలో అతనొక్కడే.

మా భవనంలోనే కొన్ని మిషన్లున్న గది ఒకటి ఉండేది. పొద్దున్నే అందులోకి వెళ్ళి మిషన్లు పెట్టిన ప్రతి బీరువా తలుపుకూ అరచేతి వెనక వైపు ఆనించేవాడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. వేడి ఎంతో తెర మీద కనిపిస్తూనే ఉంది కదా, ఈ తాకడమేమిటని అడిగాను.

"తెర చెప్పింది ఇన్న మేడం. మిషను ఏమంటదో గూడ ఇనాలె గద. ఒక్కని మాట ఇని పంచాయితి చెప్తరా?"

తెరను చూపించి, "అంతా పచ్చగానే ఉంది, చూడండి" అంటే, "పచ్చగున్నదని పంట గాదు మేడం. గడ్డి గూడ పచ్చగనే ఉంటది" అనేవాడు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. చివరికి అతను నోరు తెరవకముందే గదిలో వాళ్ళు అందుకునేవాళ్ళు, "గడ్డి గూడ" అని.

ఇంకొకటి. సాఫ్ట్‌వేరుకు కొత్త అప్‌డేట్ వచ్చిందంటే అందరూ కొత్తగా ఏం ఇచ్చారని అడుగుతారు. అతను మాత్రం, "ఏం తీసేసిండ్రు?" అనేవాడు. "కొత్త కోడలు రాంగ ఏం తెచ్చిందో అందరు సూస్తరు. ఆమె వచ్చినంక ఇంట్ల ఏది పోయిందో అత్త ఒక్కతే సూస్తది." నేను విరుచుకుపడ్డాను, కోడళ్ళ మీద ఆ సామెతలేమిటని. అరగంట వాదించుకున్నాం. చివరికి, "నువ్వు కోర్టుల ఉండాల్సినదానివి మేడం. గీడ రంగులు సూసుకుంట పాడైపోతున్నవ్" అన్నాడు.

ఎక్కాల అట్ట ఉన్న బడిపిల్లల పుస్తకం ఎప్పుడూ తొడ మీద ఉండేది. తెర మీది అంకెలను అరగంటకోసారి అందులో ఎక్కించేవాడు. "తెరే అన్నీ దాచి పెడుతుంది, మళ్ళీ మీరెందుకు రాయడం?" అన్నాను. "అది దాసిపెడ్తది. నేను రాస్త. రాసేటప్పుడు కన్ను పడ్తది" అన్నాడు. దీని మీద కూడా వాదించాను. ఓడిపోయానని ఒప్పుకోవడానికి నాకు ఒక ఆదివారమూ ఒక సోమవారమూ పట్టింది.

ఆ ఆదివారం పొద్దున అప్‌డేట్ పెట్టాం. పూర్తిగా నా చేతుల మీద జరుగుతున్న మొదటి అప్‌డేట్ అది. మధ్యాహ్నం పన్నెండు లోపు 'సమస్యలు ఏమీ లేవు' అని రాసి ముగించాలి. అప్‌డేట్‌తో పాటు తయారీదారులు ఓ నలభై పేజీల పత్రం పంపుతారు. ముందు కొత్త సంగతులుంటాయి, చివర 'తెలిసిన లోపాలు' ఉంటాయి. ముందు పేజీలు చదివాను. చివరి పేజీలు చదవలేదు. తీసేసినవేమిటి, చెడినవేమిటి అన్నదానికి జవాబు ఎప్పుడూ ఆ చివరి పేజీల్లోనే ఉంటుంది.

పదకొండున్నరకు స్టూలు మీద నుంచే పిలిచాడు.

"మేడం, జర ఇటు రా. నాలుగు మిషన్లు ఊపిరి తీస్తలేవు."

"పచ్చగానే ఉన్నాయి కదండీ."

"పచ్చగున్నయ్. అంకె కదుల్తలేదు. పదింటికి ఇరవై మూడు పాయింట్ నాలుగు. పదిన్నరకు గదే. పదకొండింటికి గదే. ఇగో, ఇప్పుడు గదే. నాలుగు మిషన్లది ఎవల అంకె వాళ్ళదే, ఎవ్వలు కదుల్తలేరు."

"వేడి స్థిరంగా ఉందంటే ఏసీ బాగా పనిచేస్తోందని. దానికీ ఏడుపేనా?"

"పానమున్నది ఏదన్న గంటసేపు ఒక్కతీరుగ ఉంటదా మేడం? పండుకున్నోని కడుపు గూడ మీదికి కిందికి అయితది."

"తెర ఏం చూపిస్తే అదే మనకు సాక్ష్యం."

"అట్లనా. పీనుగ మొకానికి పౌడరేసి కూసోబెడితె బతికున్నట్టే లెక్కనా?"

గదిలో ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ నాలుగు మిషన్లూ మా భవనంలోవి కావు. నగరంలో ఒక ఆస్పత్రుల సంస్థ సొంత గదిలో ఉన్నాయి. చెయ్యి ఆనించి చూడటానికి లేదు.

"వాళ్ళకు ఫోన్ జెయ్యి మేడం. ఎవలన్న పోయి ముట్టుకొని సూడుమను."

"ఆదివారం పూట క్లయింటుకు ఫోన్ చేసి మీ మిషన్లను ముట్టుకోండి అనమంటారా? నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితె ఏం పోతది?"

ఏం పోతుందో నాకు తెలుసు. పన్నెండు గంటల లోపల రాయవలసిన ఆ ఒక్క వాక్యం పోతుంది. రేపు చూద్దామన్నాను. అతను కదల్లేదు. మా దగ్గర ఏ లోపాన్నయినా సిస్టంలో నమోదు చేస్తే ఒక నంబరు వస్తుంది. దాన్ని టికెట్ అంటాం. టికెట్ ఉంటేనే అది జరిగినట్టు. కాంట్రాక్టు వాళ్ళకు టికెట్ పెట్టే హక్కు లేదు.

"టికెట్ పెడుదమంటె నాకు పెట్టనియ్యరు. గిండ్ల రాసిన. సూసినవని ఓ సంతకం పెట్టు" అని పుస్తకం చాచాడు. వదిలిపోతే చాలని పెట్టాను. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా, 'సమస్యలు ఏమీ లేవు' అని కూడా రాశాను.

సోమవారం అతనికి వారపు సెలవు. మధ్యాహ్నం ఆ ఆస్పత్రుల గదిలో ఏసీ ఆగిపోయింది. మిషన్లు వేడెక్కుతూ పోయి ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి. రక్తపరీక్షల రిపోర్టులన్నీ వాటిలోనే ఉన్నాయి. సాయంత్రం దాకా డాక్టర్లు రిపోర్టు లేక మందు రాయలేదు. రిపోర్టులిచ్చే కిటికీల ముందు జనం అరుస్తున్నారని ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చేసి చెప్పేదాకా మాకు తెలియదు. మా గోడ మీద మాత్రం నాలుగు గడులూ పచ్చగా ఉన్నాయి. ఒకదాంట్లో ఇంకా ఇరవై మూడు పాయింట్ నాలుగు.

అప్పుడు తీసి చదివాను ఆ చివరి పేజీలు. పాత ఏజెంటు ఉన్న మిషన్ల నుంచి అప్‌డేట్ తర్వాత కబుర్లు ఆగిపోవచ్చు, తెర మాత్రం ఆఖరి అంకెనే చూపిస్తూ ఉంటుంది, ముందుగా ఏజెంట్లను మార్చుకోండి అని ఉంది. నాలుగు వరసలు, అంతే.

జరిగినదానికి కారణం రాసి క్లయింటుకు రిపోర్టు పంపాలి. మా మేనేజరు తన గాజు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"చూడండి మేడమ్, విధానంలో తప్పని రాస్తే క్లయింటు వెళ్ళిపోతాడు. మనిషి తప్పని రాస్తే, మనిషిని మార్చేశాం అని చెప్పుకోవచ్చు."

"ఏ మనిషి?"

"ఆదివారం తెర ముందు ఎవరున్నారు?"

నేను ఉన్నాను అనడానికి రెండు మాటలు చాలు. నేను "ఆయన" అన్నాను. ఒక్క మాటే పట్టింది. 'విధుల్లో ఉన్న వ్యక్తి లోపాన్ని పైవారి దృష్టికి తీసుకురాలేదు' అని రాసి, పక్కన అతని పేరు రాశాను.

మర్నాడు అతన్ని పిలిచారు. పుస్తకాన్ని పాల ప్యాకెట్ కవరులో చుట్టుకుని వచ్చాడు. చెప్పులు గాజు గది బయట విడిచాడు. ఎందుకు చెప్పలేదని మేనేజరు అడిగాడు.

"చెప్పిన సార్. రాసిన. మేడం సంతకం గూడ ఉన్నది" అని పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

మేనేజరు దాన్ని వేలితో తాకలేదు. "ఇది రికార్డు కాదు కదా పెద్దాయనా. టికెట్ నంబరుందా?" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "సంతకం మీదేనా మేడమ్?" అని అడిగాడు.

గదిలో ముగ్గురమే ఉన్నాం. ఇంట్లో పెళ్ళి కాని కూతురు ఉంది అతనికి అనో, అప్పులున్నాయనో రాస్తే ఈ చోట మీకు కన్నీళ్ళు వస్తాయేమో. అవేమీ నాకు తెలియవు. తెలిసింది ఒక్కటే. ఆ నేల పోయినందుకు అతనికి మిగిలింది ఆ స్టూలు ఒక్కటి, అది ఉండటమూ పోవడమూ అప్పుడు నా నోట్లో ఉంది.

"రోజుకు ఎన్నో సంతకాలు పెడతాను. దేనికి పెట్టానో గుర్తు లేదు" అన్నాను.

అతను నన్ను చూశాడు. నేను వాదిస్తానని ఎదురుచూసినట్టున్నాడు. తర్వాత పుస్తకం మూసి కవరులో పెట్టుకుంటూ, మేనేజరుతో నెమ్మదిగా అన్నాడు:

"మేడం సూడకుంట సంతకం పెట్టది సార్. కొట్లాడకుంట అసలే పెట్టది."

మేనేజరు నవ్వాడు. నేనూ నవ్వాను. అదే నేను ఇప్పటికీ మింగలేనిది.

మధ్యాహ్నం స్టూలు భుజాన వేసుకుని వెళుతుంటే గేటు దగ్గర ఆపేశారు. సామాను బయటికి పోవాలంటే పాసు కావాలి, దాని మీద అధికారి సంతకం కావాలి. లోపలికి తెచ్చిన రోజున ఎవరూ అడగలేదు, తీసుకుపోయే రోజున కంపెనీ ఆస్తి అయిపోయింది. ఎండలో నిలబడి ఉన్నాడు. పాసు పట్టుకుని నేనే వెళ్ళి సంతకం పెట్టాను. అతను కాగితాన్నీ నన్నూ చూసి, "గిదన్న యాదికుంటదా మేడం?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

యాదికుంది.

తర్వాతి సంగతి కూడా చెప్పేస్తాను, దాచి ఏం లాభం. సాఫ్ట్‌వేరు తయారీదారులకు నేనొక ఉత్తరం రాశాను. అంకె కొంతసేపు కదలకపోతే ఆ మిషను బతికున్నట్టు కాదు, దాన్ని పచ్చగా చూపించకండి అని. వాళ్ళకు నచ్చింది. కొన్నాళ్ళకు వచ్చిన అప్‌డేట్‌లో పది నిమిషాలు కదలని అంకె ఉన్న గడి బూడిద రంగులోకి మారడం మొదలైంది. కంపెనీ నాకు శాలువా కప్పింది. మా గదిలో ఆ ఏర్పాటును ఇప్పటికీ నా పేరుతోనే పిలుస్తారు. అతను చూసింది నా పేరు మీదికి వచ్చింది, నేను చూడనిది అతని పేరు మీదికి పోయింది.

ఫ్లెక్సీ మీద దినాల తేదీ ఉంది. ఆ రోజు వెళ్ళాను. ఊరు కొంగరకలాన్ దాటాక. చేలన్నీ హద్దురాళ్ళు పాతిన ప్లాట్లయ్యాయి. వీధి మొదట్లో కారు పెట్టవద్దన్న టెంటు మనిషితో, వీధి మొత్తం మీ షామియానాకే రాసిచ్చారా అని వాదిస్తున్నాను. చావింటి ముందు కూడా నా నోరు నాదే. లోపలినుంచి ఒక ముసలామె వచ్చి నిలబడి, కాసేపు విని, అడిగింది.

"సంతకం మేడానివి నువ్వేనా?"

అతని భార్య.

"మీకెలా తెలుసు?"

"కొట్లాట ఇనబడ్డది గద. ఇంటికొచ్చి గూడ నీ ముచ్చట్నే జెప్తుండె. గామెతోని కొట్లాడితె మస్తుగుంటది, మాటకు మాట ఇడుస్తలేదు అని."

కూర్చోబెట్టింది. విస్తరి వేయించింది. బయటికి పంపిన తర్వాత ఊరి నీళ్ళ ట్యాంకు మోటరు దగ్గర పనికి కుదిరాడట. అక్కడా పుస్తకం రాశాడట. "గని ఊరంత ఒక్కటే మాట. తప్పు జేస్తె ఎల్లగొట్టిండ్రు, ఈయన నిద్రవోతె దవాఖానల మిషన్లు కాలినయ్ అని. సర్పంచి గూడ మోటరు కాడ ఇంకొగని కావలి పెట్టిండు, ఈయన మీద. గా కావలి ఓర్సుకోలేకపోయిండు."

నేను తినలేకపోతున్నాను. ఆమె అన్నం వైపు చూసి, నావైపు చూసింది.

"గంత కొట్లాడేదానివి. ఆయన దిక్కు ఒక్క మాట కొట్లాడకపోతివేందమ్మా?"

వక్తృత్వపు కప్పులన్నీ మా అమ్మ బీరువాలో ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

"గా కాయితం ఉన్నదా ఇంక? ఆయన పేరు రాసినది?" అని అడిగింది మళ్ళీ.

"ఉంటుందమ్మా."

"మరి తీసెయ్యరాదు?"

ఆఫీసుకు వెళ్ళి ఆ పాత రిపోర్టు తెరిచాను. కారణం అన్న చోట అతని పేరు చెక్కు చెదరకుండా ఉంది. మూసేసిన రిపోర్టును మార్చాలంటే, రాసినవాళ్ళే అడగాలి. రాసింది నేనే, ఇంకా ఇక్కడే ఉన్నాను. అందులో తప్పు నాది, ఆయన చెప్పాడు, నేను వినలేదు అని రాశాను. ఆధారం అని ఒక గడి ఉంది, నింపకపోతే ముందుకు పోదు. 'పుస్తకంలో నా సంతకం' అని కొట్టాను. పట్టలేదు. ఆ గడి టికెట్ నంబరు తప్ప తీసుకోదు, అక్షరాలు దానికి అక్కర్లేదు. అతనికి లేని టికెట్‌ను ఇన్నేళ్ళ తర్వాత నన్నూ అడుగుతోంది. చివరికి ఇరవై మూడు పాయింట్ నాలుగు కొట్టాను. చుక్క పట్టలేదు గానీ అంకెలు పట్టాయి.

'మీ అభ్యర్థన అందింది. పరిశీలనలో ఉంది' అని వచ్చింది తెర మీద.

మూడు వారాలైంది. రోజూ పొద్దున్నే తెరిచి చూస్తున్నాను. ఆ వాక్యం అలాగే ఉంది, పచ్చగా, కదలకుండా.